మైనం పైకెక్కిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా క్వార్టర్ల వరుసలో అలాంటి దీపం ఇంకెవరింట్లోనూ లేదు. దుబాయిలో తను పనిచేసే ఇంటి సేటు పాతబడిందని పక్కన పెడితే, మా కాక, అంటే బాపు తమ్ముడు, అడిగి తెచ్చాడు. పొడవాటి గాజు సీసా, లోపల నీళ్ళు, అడుగున ఎర్రటి మైనం, దాని కింద బల్బు. వేడెక్కితే మైనం ముద్దలు ముద్దలుగా పైకి తేలి, చల్లారి, మళ్ళీ దిగాలి. అదంతా కాక చెప్పిన మాట. మా ఇంట్లో మాత్రం అది మొండిపిల్లలా అడుగునే కూర్చునేది.

బొగ్గుగనిలో పనిచేసే మా బాపు డ్యూటీ దిగగానే దాని ముందు చేరేవాడు. బల్బు మార్చాడు. ఫ్యాను గాలి తగలకుండా మూలకు జరిపాడు. కుదిపితే నీళ్ళు మసకబారతాయని మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. చివరికి లోపం దీపంలో లేదని తేలింది. అప్పట్లో క్వార్టర్లన్నిటా కరెంటు హీటర్ల మీదే వంట. సాయంత్రం అందరూ ఒకేసారి హీటర్లు పెడితే బల్బులన్నీ గుడ్డివెలుగైపోయేవి. ఆ వేడికి మైనం ఏం కరుగుతుంది! వంటలయ్యేసరికి మేం నిద్రపోయేవాళ్ళం.

ఒకరోజు బాపు రావలసిన వేళ దాటింది. ఆయనకిష్టమని దీపం వెలిగించి ఉంచాను. అంతలో వేళ కాని వేళ సైరన్ మోగింది. గనిలో పైకప్పు కూలిందట అని ఎవరో అరుచుకుంటూ పోయారు. అమ్మ ఉడుకుతున్న అన్నం దించకుండానే హీటరు తీగ పీకేసి, చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. వరుసలోని ఆడవాళ్ళందరూ గని గేటువైపే. సరిగా నడవలేని మా నాయనమ్మ, నేను మిగిలాం.

బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. కాసేపటికి మైనం కదిలింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ముద్ద మెల్లగా విడిపడి పైకి పోయింది. చప్పట్లు కొట్టబోయి, నాయనమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

“ఏ ఇంట్లనూ పొయ్యి ఎలుగుతలేదు బిడ్డా. గందుకే ఎక్కుతుంది,” అంది.

అప్పుడు పట్టుకుంది భయం. ఒక్కో ముద్ద పైకి పోతుంటే నా గుండె జారిపోయేది. మునుపటిలా మొరాయించి అడుగున కూర్చుంటే చాలని ఎందరు దేవుళ్ళకు మొక్కానో! ఆ గనిలో ఉన్నది నాయనమ్మ కొడుకు. అయినా ఆమె గోడ పట్టుకుని లేచింది.

“గట్ల సూడకు. లే, మన హీటరు మనం పెడదాం. మీ బాపు అచ్చేవరకు బువ్వ ఉడకాలె గదా.”

సగం ఉడికిన అన్నం మళ్ళీ ఉడకసాగింది. నాచేత చింతపండు నానబెట్టించింది, ఉల్లిగడ్డ ఒలిపించింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే అది ఉల్లిగడ్డ ఘాటేనని అనుకోనిచ్చింది. అన్నం అయింది, చారు కాగింది, ఎవరూ రాలేదు. ఇంకా కొంతసేపటికి బల్బు కాస్త తగ్గింది. ఇంకాస్త తగ్గింది. పక్కింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. మైనం ముద్దలు మెల్లగా అడుగుకు దిగుతుండగా బాపు గడపలో కనిపించాడు, ఒళ్ళంతా బొగ్గు, వెనకే ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో అమ్మ. ఆయన దీపంవైపు చూడనైనా లేదు. నాయనమ్మ పళ్ళెం పెడితే కూర్చుని తిన్నాడు.

ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ గ్యాసే. ఆ దీపం నా దగ్గరే ఉంది, మైనం చక్కగా ఆడుతుంది. మా అబ్బాయికి ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీ. షిఫ్టు దిగే వేళ దాటినా వాడు ఫోను ఎత్తకపోతే ముందు ఆ దీపం ఆర్పేస్తాను. ఆ తర్వాత లేచి, వాడికని బియ్యం కడుగుతాను.