బంగారు అంగళ్ళ వీధిలో మన్ను ఎవరిది?

2022లో నేను ప్రొద్దుటూరులోని ఒక వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీగా పనిచేస్తున్నాను. వార్డులో చెత్త సేకరణ, వీధుల ఊడ్పు, కాలువల శుభ్రత చూసుకోవడం ఆ ఉద్యోగం. మా ఊరు జమ్మలమడుగు. రోజూ తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చేదాన్ని. అప్పటికి యూజర్ ఛార్జీ అమల్లో ఉంది. గడప దగ్గరికి వచ్చి చెత్త తీసుకువెళ్ళినందుకు ఇళ్ళవాళ్ళూ అంగళ్ళవాళ్ళూ నెలనెలా కట్టవలసిన రుసుము అది. జనం దాన్ని చెత్త పన్ను అనేవారు. ఆ గడప ముందు నిలబడి అడగవలసింది మేము.

పులివెందులలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. 'పొల్యూటర్ పేస్' అనే సూత్రం మీద, అంటే మురికి చేసినవారే దాన్ని తొలగించే ఖర్చు భరించాలన్న వాదన మీద మాట్లాడి బహుమతి కూడా తెచ్చుకున్నాను. అందుకే తోటి ఉద్యోగులు మొహమాటపడే చోట నేను నిస్సంకోచంగా అడిగేదాన్ని. కొన్ని ఇళ్ళలో తిట్లు తిన్నాను, కొన్ని ఇళ్ళలో మజ్జిగ తాగాను. బొత్తిగా ఒప్పుకోనిది ఒక్క వీధే. బంగారు పని చేసే అంగళ్ళ వీధి.

ఆ వీధికి పెద్దమనిషి విశ్వనాథాచారి. అరవై దాటినా కళ్ళద్దాలు నుదుటికి ఎత్తుకుని పొద్దంతా పని ముందు కూర్చునేవాడు.

"మేడమ్, మా అంగట్లో చెత్త యాడుందో చూపీ. చూపిస్తే ఇయ్యాలే కడతా" అన్నాడు.

నేల మీద నిజంగానే ఏమీ లేదు. ఆకురాయితో రాకినప్పుడు రాలే బంగారపు పొడిని రజను అంటారు. దాని కోసం అంగట్లోని దుమ్మునంతా ఆయన డబ్బాలో దాచుకుంటాడు.

"టీ తాగి పారేసే కప్పులో?" అన్నాను.

"అబ్బో, అది శానా పెద్ద చెత్త! దానికి ఒక లారీ పంపీ మేడమ్" అని చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళను నవ్వించాడు.

నేను తగ్గలేదు. వీధి ఊడవకపోతే, కాలువ తీయకపోతే గిరాకీ మెట్టెక్కుతుందా అని అడిగాను. శుభ్రతను అందరూ అనుభవిస్తున్నప్పుడు దాని ఖర్చు కొందరే ఎందుకు మోయాలన్నాను. ఆయన కళ్ళద్దాలు దించి నన్ను పరీక్షగా చూశాడు.

"వాదించేదానికే పుట్టినావు తల్లీ. కడతాంలే. అయితే దుడ్లు తీసుకున్నంక ఈది మీరే ఊడ్చాల."

న్యాయమైన షరతే అనిపించింది. ఎప్పుడూ శుభ్రంగానే ఉంటోందని అంతవరకు వదిలేసిన ఆ వీధిని మరుసటి వారం నుంచే షెడ్యూలులో చేర్చాను. మా కార్మికులు తెల్లవారేసరికి వీధి ఊడ్చి, కాలువ మట్టి తీసి, ఆటోలో ఎక్కించి ఊరి బయటి డంప్ యార్డుకు పంపేవారు. ఫొటోలు పై అధికారులకు పంపితే మెచ్చుకున్నారు.

పదో రోజున ఒక నడివయసు స్త్రీ సచివాలయానికి వచ్చింది. చంకలో వెడల్పాటి ఇనుప మూకుడు ఉంది. పేరు ఖైరూన్ బీ అని చెప్పింది.

"పాపా, బంగారు అంగళ్ళ ఈదిలో మన్ను యాడికి పోతాంది?"

"డంప్ యార్డుకు. ఎందుకమ్మా?"

"అది నాది."

ఆ మాటలో కోపం లేదు. కూర్చోబెట్టి అడిగితే నెమ్మదిగా చెప్పింది. పనివాళ్ళ పాదాలకూ బట్టలకూ అంటుకున్న రజను మెట్ల మీద రాలుతుంది, చేతులు కడిగిన నీళ్ళతో కాలువలో చేరుతుంది. అంగడి లోపలి దుమ్ము ఆచారిది. గడప దాటినది ఊడ్చుకునేవాళ్ళది. ఆమె అత్త ఊడ్చింది, ఆ తర్వాత ఇరవై అయిదేళ్ళుగా ఈమె ఊడుస్తోంది. ఆ మన్ను మూకుట్లో కడిగి, అడుగున మిగిలిన రవ్వంత బంగారంతో ఇల్లు నడుపుకుంటోంది. ఇన్నేళ్ళూ ఆ వీధి శుభ్రంగా ఉన్నది ఆమె చీపురు వల్ల. దానికి కూలి ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

"పది దినాల నుంచి వట్టి మూకుడే పాపా. ఇంకో పని నాకు రాదు."

"మరి మా వాళ్ళకు ఎందుకు చెప్పలేదు?"

"గౌర్మెంటు పనికి అడ్డం పడితే ఏమంటారో అని భయం. ఆచారన్నను అడిగితే, మేడమ్‌నే అడుగుపో అన్న్యాడు."

ఆ మధ్యాహ్నం ఆమెను ఆటోలో డంప్ యార్డుకు తీసుకువెళ్ళాను. కుళ్ళిన టమోటాలు, పెళ్ళి భోజనాల విస్తళ్ళు, పాలిథిన్ కవర్లు. వాటి మధ్య ఆ వీధి మన్ను నల్లగా కనిపించింది. ఖైరూన్ బీ గొంతుక్కూర్చుని ఒక పిడికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, మెల్లగా జారవిడిచింది.

"కలిసిపోయింది. ఇంగ దీన్ని ఎవురూ కడగలేరు."

తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని వందల గడపల్లో చెప్పినదాన్ని నేను. ఆ వీధిలో అప్పటికే వేరుగా ఉన్నదాన్ని తెచ్చి, నేనే ఇందులో కలిపేశాను. నా ముఖం చూసి ఆమే నన్ను ఓదార్చింది.

"నీకేం తెలుసు పాపా. ఏడవాకు, ఈడ నోరు తెరిస్తే ఈగలు పోతాయి."

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని ఆచారి అంగడికి వెళ్ళాను. పక్క అంగళ్ళవాళ్ళూ చేరారు.

"ఆచారిగారూ, ఆ రోజు మీ వాదనలో నిజముంది. మీ వీధి ఊడ్చే మనిషి ముందే ఉంది. నాకు తెలియదు. మీరూ చెప్పలేదు."

"మేం తాళం తీసేలోపల ఊడ్చిపోయేది మేడమ్. అదొక మనిషి చేస్తాండే పనని ఎవురు తలుచుకున్యారు?" అన్నాడాయన.

"అట్లయితే పన్ను లేనట్టే గదా!" అని వెనక నుంచి ఒకరు అందుకున్నారు.

"ఉంది. మినహాయించే అధికారం నాకు లేదు. కప్పులూ కవర్లూ మా ఆటో తీసుకుంటుంది. గడప నుంచి కాలువ దాకా ఖైరూన్ అమ్మ ఊడుస్తుంది."

"కట్టేది మీకు, ఊడ్చేది ఆయమ్మనా? ఇదేం న్యాయం మేడమ్?" అన్నాడు ఆచారి.

ఏ వేదిక మీదైనా ఆ ప్రశ్నకు నేను ఓడిపోయేదాన్నే. "పూర్తి న్యాయం కాదండీ. కానీ మీరు ఒప్పుకోకపోతే బతుకు పోయేది ఆమెకు" అన్నాను.

ఆచారి చేతిలోని ఆకురాయి తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత ఆమెవైపు తిరిగాడు.

"ఖైరూ, రేపట్నించి రా మే. మొదట నా గడప కాడే ఊడువు. ఈ పది దినాలూ శానా పని చేసినాం, మెట్ల సందుల్లో రజను ఉంటాది."

చెత్త ఏరుకుని బతికేవారిని ఈ వ్యవస్థలో కలుపుకోవాలని నిబంధనల్లోనే ఉంది. అది ఉదహరిస్తూ పై అధికారులకు నోట్ రాశాను. ఒప్పుకున్నారు. కడిగిన మన్నులోంచి బంగారాన్ని పట్టడానికి ఆమె వాడే పాదరసం విషమని నేనంటాను; దాని మీద మాత్రం మా ఇద్దరి వాదన ఇంకా తేలలేదు.

ఆచారి రమ్మన్న ఆ మొదటి రోజు పొద్దున్నే చూడాలనిపించి వెళ్ళాను. ఆమె వంగి ఊడుస్తోంది. నేను ఆచారి మెట్ల దగ్గర నిలబడ్డాను.

"ఆడ నిలబడాకు పాపా! నీ చెప్పులకంటుకొని జమ్మలమడుగు దాకా పోతాది" అని కేకేసింది. చెప్పులు విప్పించి, రెండూ మూకుడు మీద తట్టించి, దులిపిన మన్నును ఒకసారి చూసుకుని, "ఇంగ పో" అంది.

ఆ తర్వాత ప్రభుత్వం యూజర్ ఛార్జీని ఎత్తివేసింది. ఎవరు కట్టాలన్న ప్రశ్న ఇంకో రూపంలో మళ్ళీ వస్తుంది, రావలసినదే. కానీ కొత్త వీధిని షెడ్యూలులో చేర్చేముందు నేను ఇప్పుడు రుసుము మాట ఎత్తను. మొదటి గడప దగ్గర ఆగి అడుగుతాను: "ఇన్నాళ్ళూ ఈడ ఎవురు ఊడుస్తాండారు?"