లూజుగా కుట్టు

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ రోజుకు పదిసార్లు వాడే ఇంగ్లీషు మాట ఒకటుంది: లూజు. కూరలో నీళ్లెక్కువైతే కూర లూజు. నులక మంచం కుంగితే మంచం లూజు. అయినదానికీ కానిదానికీ వాగే పక్కింటాయన సరేసరి, ఆయన పూర్తిగా లూజు. ఇవన్నీ మొహం చిట్లించి అనేది. బట్టల దగ్గరకొచ్చేసరికి మాత్రం అంత మంచి మాట ఇంకోటి లేదు. "పెరిగే పిల్లాడు, లూజుగా కుట్టు" అని దర్జీకి చెప్పి, కొలతకు ఆదిగా నాన్న చొక్కా ఇచ్చేది. నాన్న భారీ మనిషి. నాకు పంతొమ్మిదేళ్లొచ్చినా ఆవిడ దృష్టిలో నేనింకా పెరుగుతూనే ఉన్నాను. కుర్రాళ్లందరూ ఒంటికి అతుక్కునే చొక్కాల్లో తిరుగుతుంటే నేను గుడారంలో తిరిగేవాణ్ణి. ఒళ్లు మండిపోయేది.

పటాన్‌చెరు చుట్టూ కొత్త షెడ్లు లేస్తున్న రోజులవి. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఐటీఐ చదివి ఏడాదిగా ఖాళీ. ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇనుము తరిగే లేత్ మిషన్ మీద పనికి పరీక్ష పెట్టారు. ఇది కూడా పోతే మామయ్య బియ్యం మిల్లుకు పంపేస్తానని నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు. నాకు మిల్లంటే చావు, మిషనంటే ప్రాణం.

అమ్మ కుట్టించిన కొత్త చొక్కాతోనే వెళ్లాను. ఫోర్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ అంగీతోని మిషిన్ కాడికి పోతవా? సుట్టుకుంటే చెయ్యి పోతది. నీ నంబరు వచ్చేలోపల టైటు అంగీ ఏసుకొని రా. లేకుంటే ఇంటికి పో."

నా ముందు ఇద్దరే ఉన్నారు. చొక్కా చేతులు మడిస్తే జారిపోతున్నాయి, ప్యాంటులో దోపితే బస్తాలా ఉబ్బుతోంది. బనీను మీద చేస్తానంటే కుదరదన్నారు. గేటు బయట వేపచెట్టు కింద కార్మికుల యూనిఫారాలకు మాసికలు వేసే ముసలి దర్జీ కనిపించాడు. చాచా, నా బతుకు నీ చేతుల్లో ఉందని ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. విప్పి మిషన్ మీద కుట్టే టైం లేదని తేల్చేశాడాయన. ఒంటి మీదే కుట్టేస్తాడట. కానీ ఒంటి మీద బట్ట కుడితే అరిష్టం కదా, అందుకని నోట్లో దారం ముక్క పెట్టాడు. "పండ్లతోని పట్టుకో. మాట్లాడకు బేటా."

సూది నాలుగుసార్లు ఒంట్లో దిగింది. కుయ్యిమంటే ఒట్టు.

పరుగెత్తి వెళ్లి నిలబడేసరికి నా నంబరే పిలుస్తున్నారు. నోట్లో అదేందని ఫోర్‌మన్ అడిగాడు. కంగారులో దారం మింగేశాను.

మిషన్ తిరిగాక ఇంకేమీ గుర్తులేదు. ఇనుప పొట్టు ఉంగరాలుగా లేస్తుంటే ఈల వేయాలనిపించింది. ఫోర్‌మన్ నేను చేసిన ముక్కను రెండుసార్లు కొలిచి, సోమవారం నుంచి రమ్మన్నాడు. ఆనందంతో చేతులెత్తబోతే చేతులు లేవలేదు! చంకల కింద అంత గట్టిగా బిగించాడు మహానుభావుడు. బస్సులో పైకడ్డీ అందక, బ్రేకు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరి ఒళ్లో కూర్చున్నాను. వాళ్లు తిడుతున్నా నాకు నవ్వు ఆగలేదు.

గుమ్మంలోనే అరిచాను, ఉద్యోగం వచ్చిందని. అమ్మ వినలేదు. బిగిసిన చొక్కాలో నన్ను చూస్తూ నిలబడిపోయింది. దగ్గరకొచ్చి పక్కటెముకల మీద వేళ్లు పెట్టింది.

"ఇంత బక్కగా ఉన్నావట్రా నువ్వు!"

సోమవారం నుంచి పనికి రమ్మన్నారమ్మా అన్నాను మళ్లీ. వింటున్నాలే అంటూ కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. కుట్లు విప్పమంటే తర్వాత విప్పుతానంది. అన్నం కలిపి తెచ్చి ముద్దలు పెట్టింది. మీసాలొచ్చిన లేత్ ఆపరేటర్ని, ఒక్క ముద్ద కూడా వద్దనలేదు.