జెయింట్ వీల్ మీద సైన్ నూట ఇరవై

ఆ రోజుల్లో నాకు తెలియని లెక్క లేదని నా గట్టి నమ్మకం. బీఎస్సీలో ఫస్ట్ క్లాసంటే మాటలా మరి. (ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగితే బట్టీ పట్టానని గర్వంగానే చెప్పేదాన్ని.) ఆ ధీమాతోనే ఆబిడ్స్‌లో చెప్పుల షాపు పైన నడిచే ఒక ట్యుటోరియల్‌లో ఇంటర్ పిల్లలకు ట్రిగనామెట్రీ చెప్పడానికి చేరాను. వారం రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు ఓనర్ సారు.

వారం చివరికొచ్చేసరికి యూనిట్ సర్కిల్ వచ్చింది. బోర్డు మీద వృత్తం గీసి, నాలుగు ముక్కలు చేసి, ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అని రాశాను. మొదటి ముక్కలో అన్నీ ప్లస్సు, రెండో దాంట్లో సైన్ మాత్రమే ప్లస్సు, అందుకే సైన్ నూట ఇరవై ప్లస్సు, అలా. నాకు మా సారు చెప్పింది అంతే. ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. ప్రతిదానికీ ‘ఎట్ల మిస్’ అంటుందని మనసులో ఎట్లమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆ పిల్ల లేచింది.

“మిస్, సైన్ అంటే లంబకోణ త్రిభుజంల ఎదురు భుజం బై కర్ణం అన్నరు గదా. గండ్ల ఒక కోణం తొంభై ఉండనే ఉండె. ఇంక నూట ఇరవై ఏడ పడ్తది?”

“అది ఫార్ములా. రాసుకోమ్మా” అన్నాను.

“రాసుకున్న మిస్. ఎట్ల అని అడుగుతున్న.”

క్లాసంతా కిసుక్కుమంది. గుమ్మంలో ఓనర్ సారు ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో తెలియదు. “రేపు నేను గూడ వెనక కూసుంట మేడం. జర గా డౌట్ నాకు గూడ ఉన్నది” అన్నారు.

కిందికి దిగితే మెట్ల దగ్గర ఖైరతాబాద్ మేనత్త పట్టుచీరలో ఎదురుచూస్తోంది. నాంపల్లి ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతానని నేనే మాటిచ్చాను. “రేపు నా నౌకరీ పోయేటట్టున్నదత్తా” అన్నాను. “రేపటి ఫికర్ రేపు. ఇయ్యాల జెయింట్ వీల్ ఎక్కుదం నడు” అంది.

ఎక్కాం. జనాన్ని ఎక్కించుకుంటూ చక్రం ఆగి ఆగి కదులుతోంది. అత్త కళ్లు మూసుకుని నా చెయ్యి పిప్పి చేస్తోంది. నేను మాత్రం సైన్ నూట ఇరవై గురించి ఏడుపొక్కటే తక్కువగా కూర్చున్నాను. కుడివైపు నుంచి పైకి పోతుంటే ఎదురుగా ఒక దీపస్తంభం కొస నా కంటికి సమానంగా వచ్చింది. శిఖరం దాటి ఎడమవైపు కొంచెం దిగామో లేదో, మళ్లీ అదే దీపం, అంతే ఎత్తులో.

ఒళ్లు ఝల్లుమంది. త్రిభుజం ఎవడిక్కావాలి? ఇరుసు నుంచి మా పెట్టె దాకా ఉన్న కడ్డీ పొడవు ఒకటి అనుకుంటే, ఇరుసు కంటే మేం ఎంత ఎత్తున ఉన్నామో అదే సైన్. ఎంత పక్కకు ఉన్నామో అది కాస్. ఇరుసుకు సరిగ్గా కుడివైపు సున్నా అనుకుని పైకి కోణం లెక్కపెడితే, అరవై దగ్గర ఎంత ఎత్తో శిఖరం దాటాక నూట ఇరవై దగ్గరా అంతే ఎత్తు. ఇరుసుకు ఎడమపక్క కాబట్టి కాస్ మైనస్. ఇరుసు కిందికి పోతే సైన్ కూడా మైనస్.

“అత్తా, దొరికింది” అన్నాను.

అత్త కళ్లు తెరవకుండానే మెడ తడుముకుంది. “ఏం పోయిందే? గొలుసా?”

“సైన్ నూట ఇరవై.”

“ఏ దేవుడైతేంది, గట్టిగ తల్చుకో బిడ్డా. సల్లంగ దిగుతం.”

దిగాక ఇంకోసారి ఎక్కుదామన్నాను. అత్త నా నుదురు ముట్టుకుని చూసింది.

మర్నాడు వెనక బెంచీలో సారు, ముందు బెంచీలో ఎట్లమ్మ. బోర్డంతా పట్టేలా జెయింట్ వీల్ గీశాను. పట్టుచీర అత్తను పెట్టెలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పినట్టు తిప్పాను. అత్త ఎక్కుతుంటే పిల్లలే సైన్ పెరిగిందన్నారు, ఇరుసు కిందికి దిగితే మైనస్ అని అరిచారు. ఎట్లమ్మ చెయ్యెత్తింది.

“మరి ట్యాన్ తొంభై ఎందుకు లేదు మిస్?”

“ట్యాన్ అంటే ఎత్తు బై పక్కదూరం. శిఖరం మీద మా అత్త ఇరుసుకు సరిగ్గా పైన ఉంది. పక్కదూరం ఎంత?”

“సున్నా.” బోర్డు మీది అత్తను చూసింది. “సున్నాతోని భాగించరాదు గదా.” ఆ పిల్ల ముఖం మెల్లగా వెలిగింది. “ఔ మిస్, గందుకే లేదు.”

“మేడం, రేపటిసంది పెద్ద బ్యాచ్ గూడ మీదే” అన్నారు సారు వెనకనుంచి.

ఆ సాయంత్రం ఆబిడ్స్ నుంచి కోఠి దాకా బస్సెక్కకుండా నడిచాను, రోడ్డంతా నాదే అన్నట్టు. త్రికోణమితిని నేనే కనిపెట్టానని ఎవరైనా అంటే కాదనేదాన్ని కాదేమో. ఆ తర్వాత ఇంతకన్నా కష్టమైన పాఠాలు ఎన్నో నేర్చుకున్నాను, చెప్పాను, మెప్పులూ పొందాను. కానీ ఆ సాయంత్రం కోఠి దారిలో జనాన్ని తోసుకుంటూ, తనలో తానే నవ్వుకుంటూ పోతున్న ఆ పిచ్చిపిల్ల ఇప్పుడు ఎదురైతే, పక్కకు జరిగి దారిస్తాను.