ఆచారి తాత సుత్తి

పుంగనూరులో నా చిన్నప్పుడు మా తాతకు చిన్న సుత్తుల పిచ్చి ఉండేది. చింతపండు వ్యాపారం మీద మదనపల్లె, కుప్పం తిరుగుతూ, పని మానేసిన ముసలివాళ్లను అడిగి వాళ్ల సుత్తులు తెచ్చుకునేవాడు. గడియారాలు బాగుచేసేవాళ్లది, చెప్పులు కుట్టేవాళ్లది, రోళ్లకు గాట్లు కొట్టేవాళ్లది, అన్నీ గూట్లో వరసగా పెట్టాడు. "ఇన్ని సుత్తులుండాయి, ఇంట్లో ఒక మేకు కొట్టమంటే మాత్రం కొట్టడు" అని మా అవ్వ ఎగతాళి చేసేది.

వాటిలో తాతకు ప్రాణమైనది, మా వీధి చివర బంగారు పని చేసిన ఆచారి తాతది. చూపు తగ్గి పని మానేసినప్పుడు, "నా మనవరాలి తాళిబొట్టుకు మొదటి దెబ్బ దీంతోనే కొట్టాల. అందాక నీకాడ ఉండనీప్పా" అని ఇచ్చాడు. ఆ సుత్తి మొహంలో మన మొహం కనబడేది.

ఒక ఏడు ఆయుధపూజకు మా అవ్వ కొడవళ్లతో పాటు ఆ సుత్తులను కూడా చింతపండు, ఇటుకపొడి వేసి తోమేసింది. పూజలో పెట్టేది ఏదైనా తోమాల్సిందేనని ఆమె నమ్మకం. ఆ సుత్తి మొహాన గీత పడితే, కొట్టే బంగారం మీద కూడా అదే గీత పడుతుందని పాపం ఆమెకేం తెలుసు? గీతలు చూసి తాత చెప్పాకే తెలిసింది.

పండగ వెళ్లిన కొన్నాళ్లకే ఒక పొద్దున ఆచారి తాత తన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. మనవరాలికి పెళ్లి కుదిరింది, తాళిబొట్టు పని ఆ సాయంత్రమే మొదలుపెట్టాలి. మా తాత తల వంచుకుని, గీతలు పడ్డ సుత్తిని గూట్లోంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అవ్వ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం అంతవరకూ నేనెప్పుడూ చూడలేదు, నాకు భయం వేసింది.

ఆచారి తాత సుత్తి మొహాన్ని బొటనవేలితో తడిమాడు. ఎవరు చేశారని అడగలేదు. కొడుకు చేత సానరాయి, తోలుముక్క తెప్పించి, గీతలు పోయేదాకా రాయి మీద తనే రుద్దాడు. తర్వాత తలుపు చాటున ఏడుపు విని, మా అవ్వను పిలిచి సుత్తిని, తోలుముక్కను ఆమె చేతికిచ్చాడు.

"నాకు కండ్లు కనపడవు. మెరుపొచ్చేదాకా రుద్ది, వచ్చిందో లేదో నువ్వే సూసి సెప్పాలమ్మా" అన్నాడు.

అవ్వ మధ్యాహ్నం దాకా రుద్దింది. ఆచారి తాత కొడుకు రాగిరేకు మీద ఒక దెబ్బ వేసి చూశాడు. ఒక్క గీత కూడా లేదు. "వచ్చిందప్పా మెరుపు" అంది అవ్వ, ఏడుస్తూనే నవ్వుతూ. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ పూట వంట ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పెళ్లిలో అవ్వ ముందు వరసలో కూర్చుని, ఆ తాళిబొట్టు తన చేత్తోనే చేసినంత మురిపెంగా చూసింది. తలెత్తుకోలేకుండా పోవలసిన మనిషిని అలా కూర్చోబెట్టినవాడు ఆచారి తాత. మా ఇంట్లో పిల్లలెవరైనా ఏదైనా పాడుచేస్తే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. కానీ ఎవరు చేశారని అడగను. తల దించుకుని నిలబడ్డ పిల్ల పక్కన కూర్చుని, "రామ్మా, ఇద్దరం బాగుచేద్దాం" అంటాను.