తాళం పడిన ఫోల్డరులో పెద్దాయన గొంతు

ఆ పొద్దున్న మా సర్వర్‌లో ఎవరూ ఏ ఫైలూ పెట్టే వీల్లేదు. అయినా మా కార్యకర్త బాలన్న ఫోల్డరులో ఒకటి కనిపించింది. తెరిస్తే, ఆరోజు తెల్లవారుతూనే చనిపోయిన ఒక ఊరి పెద్దాయన గొంతు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. విలేకరిగా అలాంటి కబుర్లు చాలా విన్నాను. వెళ్లి ఆరా తీస్తే ప్రతిదాని వెనకా ఒక మనిషి తేలేవాడు.

రిటైరయ్యాక అరకులో ఒక చిన్న సంస్థకు సాయం చేస్తున్నాను. పోడు భూమికి పట్టా అడిగేవాళ్ల దగ్గర కాగితాలుండవు. ఊరి పెద్దలు హద్దులు చెబితే అదే సాక్ష్యం. మా కార్యకర్తలు ఆ మాటలు రికార్డు చేసి సర్వర్‌కు పంపుతారు. ఓసారి ఎవరో ఏదో నొక్కి వారం రోజుల రికార్డింగులు చెరిపేశారు. అందుకని సర్వర్ చూసే కిరణ్, వాళ్లు తమ ఫోల్డరులో ఫైళ్లు పెట్టడం, తీసుకోవడం తప్ప ఇంకేమీ చేయలేకుండా కట్టడి చేశాడు. ఆ పొద్దున్న తొందరలో పొరపాటు జరిగింది. ఫైళ్లు పెట్టే వీలు కూడా పోయింది.

బాలన్న ముంచింగిపుట్టు సంత నుంచి ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, మమ్మల్ని బైట నిలబెట్టి తాళం ఏసీసినారా? ఒక్క ఫైలూ ఎక్కట్లేదు."

తర్వాత పెద్దాయన పోయాడని చెప్పాడు. ముందురోజు తాను వెళ్తే, దగ్గుతో మాట్లాడలేక రేపు రమ్మన్నాడట. పట్టా అడిగిన గాసమ్మ కొండవాలు చేనుకు హద్దులు తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు. సోమవారం విచారణ. సాక్ష్యం లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

ఫోన్ పెట్టేశాకే ఆ ఫైలు చూశాను. పనస చెట్టు, పారే గెడ్డ, రెండు నిలువు రాళ్లు అంటూ పెద్దాయన వరసగా చెప్పుకుపోయాడు. చివర్లో దగ్గి, "రేపు రమ్మన్నాను గదా. ఇదిగో, సెప్పీసినాను" అన్నాడు.

ఎవరెప్పుడు వచ్చారో నమోదయ్యే సర్వర్ లాగ్ అంతా కిరణ్ వెతికాడు. బాలన్న ఖాతా నుంచి వచ్చిన ప్రతి ప్రయత్నాన్నీ సర్వర్ తిప్పికొట్టింది. ఇంకెవరూ లోపలికి వచ్చిన జాడ లేదు. బాలన్నకు ఫోన్లో వినిపించాను. గొంతు ఆయనదేనని, తాను మాత్రం రికార్డు చేయలేదని అన్నాడు.

ఆదివారం గాసమ్మతో కొండెక్కాను. పొదలు నరికితే రెండు రాళ్లూ ఆయన చెప్పినచోటే ఉన్నాయి. ఆమెకేమీ వింతగా లేదు. "మాటిచ్చినాడు గదా" అంది.

విచారణలో ఆ రికార్డింగు ఇచ్చాం. ఫారంలో రికార్డు చేసినవారి పేరు రాసి సంతకం పెట్టాలి. అబద్ధపు సంతకం పెట్టనన్నాడు బాలన్న. నేనూ పెట్టలేకపోయాను.

ఆ గడి నింపి తెమ్మని అధికారులు దరఖాస్తు పక్కన పెట్టారు. గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.