పెండ్లి పత్రికలో లేని ఖాసీమప్ప

మన్నళ్ళి అవతల ఒక చిన్న ఊళ్ళో ఖాసీమప్ప అనే ముసలాయన ఉన్నాడు. నుదుట విభూతి రేకలు, నోట్లో శివనామం, పేరు మాత్రం ఖాసీం. ఓట్ల రోజు వచ్చిన కొత్త ఆఫీసరు ఆ పేరు చదివి, ఎదురుగా నిలబడ్డ విభూతి రేకల్ని చూసి, "ఆ ఖాసీం ఎక్కడున్నాడో పిలుచుకు రా" అని ఆయన్నే బయటికి పంపించాడు. గుళ్ళో కొత్త అయ్యవారు అర్చన మధ్యలో ఆగిపోయి, పేరు మళ్ళీ చెప్పమన్నాడు. ఖాసీమప్పకు ఇదంతా సరదా. ఆ ఊళ్ళో వింత పేరు ఆయనదొక్కటే కాదు మరి. సైన్యం వచ్చిన ఏడాది పుట్టినందుకు మిలిట్రప్ప అని పేరు పడ్డాయన ఇంకొకడుండేవాడు. ఖాకీ బట్ట కంటబడితే చాలు, జొన్నచేన్లో దూరేవాడు.

ఖాసీమప్ప పేరు వెనకున్నది మాత్రం నవ్వే సంగతి కాదు. తల్లి సంగమ్మకు ఆయన కంటే ముందు పుట్టిన పిల్లలందరూ పురిట్లోనే పోయారు. అలాంటి ఇంట్లో బిడ్డ నిలవాలంటే ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. దారిన పోయే పరాయి మనిషి ఎత్తుకుని, పేరు పెట్టి, చాటెడు తవుడు తీసుకుని తల్లికే తిరిగి అమ్మాలి. ఈ బిడ్డ ఆ ఇంటిది కాదని చావు మోసపోవాలన్నమాట. ఆ పొద్దున గాజుల మలారం భుజాన వేసుకొస్తున్న బూబమ్మ అతన్ని ఎత్తుకుంది. చచ్చిపోయిన తన కొడుకు పేరే పెట్టింది. ఆ పేరు మార్చకూడదు. అంతకంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఎత్తుకున్న మనిషి ఎప్పుడొచ్చి అడిగినా బిడ్డను ఆమె చంకకు ఇవ్వాలి. ఆమె కూడా తల్లే.

ఇన్నాళ్ళకు ఆ పేరు మనవరాలి పెళ్ళికి అడ్డం వచ్చింది. భాగ్యజ్యోతిని చూడ్డానికి కమలనగర్ వాళ్ళు వచ్చారు. పిల్ల నచ్చింది, పొలం నచ్చింది, తాత పేరు వింటే మాత్రం లేచిపోతారని ఇంట్లోవాళ్ళ భయం. ఏ పాపానికీ రాని మడి ఇలాంటి చోట మాత్రం పొంగుకొస్తుంది మనుషులకు. పత్రిక అచ్చుకిచ్చే ముందు కొడుకు నవనాథ్ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాయినా, పత్రికల శంకరప్ప అని ఏయిస్త. ఒక్క పేరే గదా."

"ఏస్తే ఉన్న పేరు ఎయ్యి. లేకుంటే నన్ను ఇడిచిపెట్టు."

"ఇడిచిపెడ్తే ఎందుకు ఇడిచిండ్రని అడుగుతరు. పిల్ల బతుకు ఆగం చేస్తవా?"

ఆ పేరు ఎందుకు వదలడో ఖాసీమప్ప చెప్పాలంటే, సంగమ్మ పోయేముందు తనకొక్కడికే చెప్పింది బయటపెట్టాలి.

రజాకార్లు చెయ్యాల్సిన ఘోరాలు చేసి పోయారు. పోలీసు యాక్షన్ తర్వాత పగ తీర్చుకుంటామని ఊళ్ళ మీద పడ్డ గుంపులకు దొరికిందెవరు? గాజులమ్ముకునేవాళ్ళు, దూదేకుకునేవాళ్ళు. బూబమ్మ మొగుణ్ణి పట్టపగలు నరికారు. ఆమె సంగమ్మ పెరటి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "సంగమ్మా, నన్ను లోపటికి రానియ్యకున్నా మంచిదే. పిల్లగాన్నియ్యి. సంకల పిల్లగాడుంటే నన్ను మీ ఇంటిదాన్ననుకుంటరు. ఊరు దాటినంక ఎవ్వరిచేతనన్న పంపిస్త" అంది. కట్టుబాటు ప్రకారం ఇవ్వాల్సిందే. సంగమ్మ చంటివాడి నోరు కొంగుతో మూసి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. బయట గొంతు బతిమాలి, బతిమాలి ఆగిపోయింది. మర్నాడు బూబమ్మ ఊరి బావిలో తేలింది.

ఆమెది అంటూ ఆ ఇంట్లో మిగిలింది ఒక్క పేరే. ఇప్పుడు కొడుకు దాన్నీ తీసేద్దామంటున్నాడు.

భాగ్యజ్యోతి మాత్రం తాతను ఏమీ అడగలేదు. గోడవైపు తిరిగి ఏడ్చింది. ముసలాయన దానికే కరిగిపోయాడు. "మీకేది మంచిగనిపిస్తే అది ఏస్కోండ్రి" అన్నాడు.

పెళ్ళిలో "శంకరప్పగారూ" అని పిలిస్తే ఆయన పలకలేదు. నవనాథ్ మోచేత్తో పొడిస్తే గానీ లేవలేదు. పాపం చెవుడనుకుని మగపెళ్ళివారు నవ్వుకున్నారు. తాళి పడ్డాక పెళ్ళికొడుకు నాయనమ్మ సుమిత్రాబాయి వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె పుట్టిల్లు మన్నాఏఖేళ్ళి వైపు. కమలనగర్‌లో మరాఠీ విని విని ఉన్న మనిషి, తెలుగు మాట్లాడేవాడు దొరికాడని సంబరపడింది.

"శంకరప్ప... మంచి పేరన్నా. ఎవరు పెట్టిండ్రు?"

నవనాథ్ పక్కనే నిలబడి ఉన్నాడు. "మా అమ్మ" అన్నాడు ఖాసీమప్ప.

"అదృష్టమంతులు. నన్నయితే పెంటకుప్ప మీదికెల్లి ఒక సాయిబులామె ఎత్తుకున్నది. నా అసలు పేరు మదారమ్మ. మీరేమనుకుంటరో అని మా పోరగాండ్లు ఈ పెండ్లికి సుమిత్రాబాయి చేసిండ్రు." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముసలాయనకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకు చెప్పుకోదగ్గ మనిషి ఎదురైంది. కొడుకు ఉంటే ఉన్నాడనుకుని, "అమ్మా, నాది గూడ..." అని మొదలుపెట్టాడు. ఆమె తన ధోరణిలో తానుంది.

"పోలీసు యాక్షన్ల ఆ యమ్మ మా వాకిట్లకు ఉరికొచ్చిందట. మా అమ్మ నన్ను ఆమె సంకలేసి, ఈమె మా ఆడిబిడ్డ, ముట్టుకుంటే చూడుండ్రి అని గుంపుకు అడ్డం నిలవడ్డదట. బతికిందన్నా! నా పెండ్లికి గాజులు ఆమెనే తొడిగింది." కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. "నీదేందో చెప్పబోతివి?"

ఈమె ముందు ఆ పేరు చెప్పుకునే మొహం తనకు లేదనిపించింది ఖాసీమప్పకు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "నాది శంకరప్పనే."