న్యాల్‌కల్ లైను ఆగిన మధ్యాహ్నం

చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారంటే నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడైతే నమ్మడం అసలే ఇష్టం లేదు. ఎందుకంటే, వస్తే మా ఇంటికి వచ్చేది సుభద్రే.

సుభద్ర మా ఆయన మొదటి భార్య. మా అత్తమ్మకు సొంత మేనకోడలు. జ్వరంతో పోయింది. ఆ తర్వాత నేను ఈ ఇంటికి వచ్చాను. ఆమె పది చదివింది, రాత ముత్యాల్లా ఉండేదట. ఆ మాట వినీ వినీ, నలభై దాటాక నేనూ సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను.

మా ఆయన జహీరాబాద్‌లో లైన్‌మన్. ఆ రోజు రాయికోడ్ లైను మీద పని. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపిస్తారు. దాన్ని ఎల్సీ అంటారు. ఆయన ఎల్సీ తీసుకున్నాడు. కానీ చిరాగ్‌పల్లి దగ్గర ఒకే స్తంభం మీద రెండు లైన్లు పోతాయి, రాయికోడ్‌ది ఒక పక్క, న్యాల్‌కల్‌ది ఇంకో పక్క. ఆయన ఎక్కింది న్యాల్‌కల్ పక్కకు. అటు కరెంటు ఉంది. ఎల్సీ ఉంది కదా అని తీగలో కరెంటు ఉంటే భూమిలోకి పంపే ఎర్త్ రాడ్ కూడా వేయలేదు.

తీగ మీదికి చేయి చాపబోతుంటే కింది నుంచి, "బావా, జర ఆగు" అని వినిపించిందట. ఉలిక్కిపడి కిందికి చూశాడు. ఆ ఊపులో చేయి తీగ మీదే పడింది. ఏమీ కాలేదు.

కింద ఉన్నది తోటి పనివాడు ఖాజా భాయ్ ఒక్కడే. అతనికి అప్పుడే సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫోన్ చేశాడు, న్యాల్‌కల్ లైను దానంతట అదే ట్రిప్ అయి ఆగిపోయిందని. "నువ్వు ఏ దిక్కు ఎక్కినవ్ భాయ్? దిగు, దిగు!" అని అరిచాడట ఖాజా భాయ్.

మా ఆయనను బావా అని పిలిచిన మనిషి సుభద్ర ఒక్కతే. ఆమెకు అక్కచెల్లెళ్లు లేరు.

అత్తమ్మ ఏడుస్తూ అన్నది. "నా సుభద్రనే కాపాడింది. నీ తాళి దాని భిక్ష పిల్లా."

ఆయన బతికినందుకు నేనూ ఏడ్చాను. కానీ ఆ మాటకు ఒళ్లు మండింది. రోజూ రొట్టెలు కాల్చి పెట్టేది నేను, కాపాడిన పేరు ఆమెకా? ఒకసారి వంటింట్లోంచి నేనూ "బావా" అని పిలిచి చూశాను. ఆయన గబుక్కున లేచి వాకిలి వైపు చూశాడు. నా వైపు కాదు.

లైను ఎందుకు ఆగిందో చూడటానికి హైదరాబాద్ నుంచి ఇంజనీర్ వచ్చాడు. మా ఆయనను సబ్‌స్టేషన్‌కు పిలిపిస్తే నేనూ వెంటపడి వెళ్లాను.

"లైనుకు కావలి ఉండే ఈ రిలే కరెంటును ఎప్పుడూ రాసుకుంటనే ఉంటదమ్మా, పాతది చెరిపేసుకుంట. లైను ట్రిప్ అయితే మాత్రం, దానికి జర ముందుది, జర తర్వాతది దాచిపెడ్తది," అని ల్యాప్‌టాప్ చూపించాడు.

మూడు రంగుల గీతలు, అలల్లాగా, ఒకే తీరుగా పోతున్నాయి. ఒకచోట మూడూ సాఫుగా ఆగిపోయాయి.

"బల్లి పడ్డదేమో సారూ?" అని అడిగాను.

"బల్లి పడితే గీత ఎగిరిపడేది."

"కాకి?"

"కాకైనా గంతే."

"ఆపరేటర్ బటన్ నొక్కిండేమో?"

"నొక్కితే కింద ఇగో, ఈ గీత లేచేది. రిలే ఆపమన్నా ఇంకో గీత లేచేది. ఏదీ లేవలేదు."

"ఈయన చెయ్యి తగిలింది ఉన్నదా ఇండ్ల?"

"లేదమ్మా. తగిలేసరికే లైను బందయింది."

మా ఆయన నవ్వాడు. "ఏందే, నేను బతికింది నీకు నచ్చలేదా?"

లైనును తెంపే బ్రేకర్‌లో స్ప్రింగ్ జారిందేమోనని ఎన్నోసార్లు వేసి, తీసి చూశారు. ఒక్కసారి కూడా జారలేదు. ఆ లైను మళ్లీ అట్లా ఆగనూ లేదు. ఆ రోజు స్తంభం కింద వేరే మనిషి ఎవరూ లేరని ఖాజా భాయ్ ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు.

పోయినవాళ్లకు పెట్టే పెత్తరమాస నాడు సుభద్ర పేరు మీద విస్తరి నన్నే వడ్డించమన్నాడు మా ఆయన. వడ్డించాను. లైను ఎవరు ఆపారో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె కాదని చెప్పే గీత ఒక్కటి దొరికినా దండం పెట్టేదాన్ని కాదు. దొరకలేదు. పెట్టాను.

కళ్లు మాత్రం మూసుకోలేదు. పక్కన ఆయన ఎంతసేపు మూసుకుంటాడో చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు తెరవలేదు.